గాడిలో టేపు ముక్క

విండ్‌సర్ఫింగ్‌లో బావగారికి తెలియనిదంటూ లేదు, చెయ్యడం ఒక్కటి తప్ప. తెరచాప బిగించి, నిలబడి నీళ్ళ మీద నడిపే ఆ బోర్డుల్ని బాగుచేసే బావమరిది ఈ మాట పైకి ఎప్పుడూ అనలేదు. అక్క మొగుణ్ణి అలా అంటే బాగుండదు కదా.

అతని షెడ్డు గోడకు బావగారు కొని, పనికిరావని పడేసిన ఫిన్లు ఐదు వేలాడుతున్నాయి. ఫిన్ అంటే బోర్డు అడుగున, తోక దగ్గర నీళ్ళలోకి దిగి ఉండే రెక్క. అది నీటిని పట్టుకుంటేనే బోర్డు పక్కకి జారకుండా ముందుకు పోతుంది. పొడుగ్గా, నిటారుగా ఉన్నది గాలికి ఎదురెక్కడానికి పనికొస్తుంది, వెనక్కి వంగినది మలుపులకి. బావగారు మాత్రం అట్ట మీద బొమ్మ చూసి కొంటారు. పోటీలో ఓడినప్పుడల్లా ఒకటి. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడైనా ఒక్క మద్దెలతో సరిపెట్టుకున్నాడు.

మొగుడూ పెళ్ళాలకి ఉన్నది ఒకటే బోర్డు. క్లబ్బు నియమం ప్రకారం ఒక బోర్డుకి పెద్ద పోటీలో ఒక్కరికే చోటు. మూడేళ్ళుగా ఆ చోటు బావగారిదే. ఆ ఒక్కరెవరో తేల్చే ఎంపిక పందెంలో అక్క వెళ్ళేటప్పుడు బాణంలా వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు, వేగం అందుకోగానే తోక జారి నీళ్ళలో పడేది.

"నేనెప్పుడైనా పడ్డానా? దాన్నే టెక్నిక్కంటారు" అనేవారు బావగారు. నిజమే. ఆయన పోయే వేగానికి బోర్డు మీద కుర్చీ వేసుక్కూర్చున్నా పడరు.

ఈసారి ఎంపికకి ముందురోజు అక్క బోర్డుని తనే మోసుకొచ్చింది. పరాయి చెయ్యి పడకూడదని బావగారు ఎన్నడూ దాన్ని షెడ్డుకి రానివ్వలేదు.

"రేపు కూడా పడితే ఇంక దీని జోలికి రానురా. నవ్వులపాలవడానికైనా ఓ హద్దుండాలి" అంది. నవ్వుతూనే అంది గానీ, తమ్ముడి మనసు చివుక్కుమంది.

బోర్డు బోర్లించి, ముక్కు నుంచి తోక దాకా నట్టనడుమ దారం లాగి కట్టాడు. ఫిన్ ఆ దారం మీద లేదు. అగ్గిపుల్ల మందాన పక్కకి చూస్తోంది. మర విప్పి ఫిన్ ఊడదీస్తే, అది దిగే గాడిలో, ముందువైపు, ఒక్క గోడకే మూడు పొరల టేపు.

"ఇదెవరు అంటించారక్కా?"

"మీ బావే. ఫిన్ కదులుతోందని, కొన్న కొత్తలో."

ఐదు ఫిన్లు మారాయి, టేపు మారలేదు. ఎంత ఖరీదైన రెక్కయినా ఆ గాడిలో దిగాక వంకరగానే నిలబడింది. వెళ్ళేటప్పుడు ఆ వంకర తెలియదు. తిరిగొచ్చేటప్పుడు నీటికి అడ్డం తిరిగి, వేగం పెరిగేసరికి పట్టు వదిలేస్తుంది.

"నువ్వు చేతకాక పడలేదక్కా. వేగంగా పోయావు కాబట్టి పడ్డావు. బావ ఆ వేగం ఎన్నడూ చూడలేదు."

అక్క వంగి గాడిలోకి చూసింది. తర్వాత టేపు ముక్క తనే గోటితో పీకింది. తమ్ముడు ఫిన్‌ని దారం వెంట నిలబెట్టి, కదలకుండా మర బిగించాడు.

మర్నాడు ముందు బావగారు వెళ్ళొచ్చారు. ఎప్పట్లాగే పడలేదు, ఎప్పట్లాగే తీరిగ్గా వచ్చారు. తర్వాత అక్క వెళ్ళింది. ఆయన తల తుడుచుకోవడం పూర్తయ్యేలోపు తిరిగొచ్చేసింది, నిలబడే. తువ్వాలు బావగారి నెత్తి మీదే ఉండిపోయింది. ఎంపిక జాబితాలో అక్క పేరు రాశారు.

సోమవారం పొద్దున్నే బావగారు షెడ్డుకొచ్చారు.

"ఒరేయ్, ఆ టేపు మళ్ళీ అంటించి పెట్టు. నాకలా అలవాటైపోయింది."

"బోర్డు అక్క తీసుకెళ్ళింది బావా, ప్రాక్టీసుకి. పెద్ద పోటీ అయ్యేదాకా ఖాళీ ఉండదు."

ఆయన గోడ మీది ఫిన్లకేసి చూశారు. ఒకదాన్ని తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ తగిలించారు.

"ఏరా, నిజం చెప్పు. నేను మరీ అంత నెమ్మదిగా పోతానా?"

బావమరిది చేతిలోని గరుకు కాగితం కింద పెట్టాడు.

"అవును బావా" అన్నాడు.