కడిగి తెచ్చిన వేర్లు

నాంపల్లి విత్తనాల దుకాణంలో పనిచేసే జిప్పోరా, తన పుట్టినూరి నుంచి వచ్చిన సదాశివకు కంది గింజలకు పట్టించే రైజోబియం అనే సూక్ష్మజీవుల పొడి ఇచ్చింది. బెల్లం నీళ్లలో కలిపి పట్టించి, నీడన ఆరబెట్టమంది. మొలిచాక ఒక మొక్క పీకి తెమ్మంది. అక్కడి తన చేను అమ్ముకున్నాక ఆమె మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు.

వానలు ముదిరాక సదాశివ మొక్క తెచ్చాడు. వేరు మీది బుడిపెను ఆమె గోటితో చీల్చింది. లోపల ఎర్రగా ఉంది. పొడిలోని సూక్ష్మజీవులు బతికి పనిచేస్తున్నాయన్నమాట.

వేర్లు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి.

"మన్నేమైంది అన్నా?"

"దుకాణం ఖరాబైతదని టేషన్ల కడుక్కొచ్చిన చెల్లె."

ఊరి మన్ను జాడ ఏమైనా మిగిలిందేమోనని ఆమె తడి వేర్లను చాలాసేపు వాసన చూసింది.

"ఏ నల్లా కాడ కడిగినవ్?" అని అడిగింది.