వంటగది గోడ మీది గీతలు

ఉప్పల్‌లో సంజీవరావు వాళ్ళింటి వంటగది గోడ, ఇంట్లోవాళ్ళు గడప నుంచి ఎంత దూరం పోయారో గీసి చూపించేది. ముగ్గురికీ మూడు గీతలు, పాతవి చెరిగేవి కావు. పొద్దున ఆయన నాచారం ఫ్యాక్టరీకి బయల్దేరితే గీత పైకెక్కేది, డ్యూటీలో ఉన్నంతసేపూ అడ్డంగా సాగేది, సాయంత్రం కిందికి దిగేది. "అన్న బయల్దేరిండా?" అంటూ పక్కింటివాళ్ళు కూడా ఆ గోడనే చూసిపోయేవారు.

ఆ శుక్రవారం ప్రార్థన కూటం వాళ్ళింట్లోనే. "జల్ది రా, అందరొచ్చిన్రు" అని భార్య లూర్దమ్మ ఫోన్ చేసింది. సంజీవరావు రాలేదు. దారిలో బండి మీంచి పడి చనిపోయాడు. స్పీడుగా వచ్చి పడ్డాడని, చూడనివాళ్ళు కూడా అన్నారు.

సమాధి చేసిన నాటి నుంచి ఆయన గీత శ్మశానమంత దూరాన, గోడ మీద మోకాలెత్తున, అడ్డంగా సాగుతూనే ఉంది. లూర్దమ్మ గీత మాత్రం నేలను విడవలేదు. "నేనే తొందరపెట్టిన. ఏం మొఖం పెట్టుకొని ఆయన దగ్గరికి పోవాలె?" అనేది. ఐదు నెలలు గడప దాటలేదు.

కూతురు దోర్కా ఇంటర్ ఫస్టియర్. దూరం గీత వాలును బట్టి వేగం, వేగం గీత వాలును బట్టి త్వరణం తెలుస్తాయని ఒకరోజు ఫిజిక్స్ మేడం చెప్పింది. దోర్కా తర్వాతి పీరియడ్‌కు ఉండలేదు. ఇంటికొచ్చి, ఆ శుక్రవారపు గీతకు భూతద్దం పట్టి, స్కేలు ఆనించి, కింద సుద్దముక్కతో ఇంకో రెండు గ్రాఫులు గీసింది. రెండుసార్లు తుడిచి మళ్ళీ గీసింది.

"అమ్మా, జర ఇటు సూడు."

"నాకు గవన్నీ ఏం తెలుస్తయ్ బిడ్డా?"

"నువ్వు ఫోన్ చేసినంక సూడు. స్పీడు రోజూ ఉన్నంతనే ఉన్నది. సిగ్నల్ కాడ మెల్లగ తగ్గింది. ఇగో, సున్న. నలభై సెకండ్లు సున్ననే."

"అంటే?"

"డాడీ ఆగి నిలబడ్డడు. గప్పుడే త్వరణం సూది లెక్క లేచింది. డాడీ బండికి అంత తాకత్ లేదమ్మా. ఎనుకనుంచి ఏదో గుద్దింది."

లూర్దమ్మ ఆ సున్న మీద వేలు పెట్టింది. "తొందరపడలేదా?"

"లేదు."

"ఆ మనిషి నా మాట ఎన్నడిన్నడు!" అంటూనే గోడకు తల ఆనించి, ఇన్ని నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.

మర్నాడు దోర్కా కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. తీసి వంటగదిలోకి నడిచింది. అమ్మ గీత నేల విడిచి లేచింది. నడకంత వాలు. మధ్యలో రెండుచోట్ల ఆగి, మళ్ళీ ఎక్కి, నాన్న గీతను చేరుకుంది. అక్కణ్ణుంచి రెండూ ఒకటై, చాలాసేపు, ఏ వాలూ లేకుండా సాగాయి.