తెలియనిది నొక్కొద్దు

మా బడికి పది కంప్యూటర్లు వచ్చి ఐదేళ్లయింది. ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయంటే ఆ గొప్ప నాదే. నేను లెక్కల మాస్టారినే అయినా ఆ గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఒక్కటి పాడైనా పైవాళ్లకి సంజాయిషీ రాసుకోవాల్సింది నేనే కదా. అందుకని పిల్లల్ని ఆ గడప తొక్కనిచ్చేవాణ్ణి కాదు.

దుమ్ము తుడవడానికి మాత్రం ప్రతి శనివారం పదో తరగతి వెంకటదుర్గని పిలిచేవాణ్ణి. నెమ్మదైన పిల్ల. లెక్కల్లో అంత చురుకైనవాళ్లు నా సర్వీసులో మరొకరు తగల్లేదు. తుడువమ్మా, తెలియనిది మాత్రం నొక్కొద్దు అని ప్రతిసారీ హెచ్చరించేవాణ్ణి. కంప్యూటర్ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద బొమ్మ వేసేవాణ్ణి. మౌస్ కూడా వేశాను, తోకతో సహా. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.

మా అబ్బాయి సోమేశ్‌ని నర్సీపట్నంలో ప్రైవేటు బళ్లో వేశాను. వాడు మూడో తరగతి నుంచీ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడే. ఇందులో తప్పేముంది? ఏ తండ్రైనా అదే చేస్తాడు.

ఈ ఏడాది టౌన్‌లో ఒక హాస్టల్ కాలేజీ పరీక్ష పెట్టి, మొదటి పది ర్యాంకులవాళ్లకి ఇంటర్ ఉచితమని ప్రకటించింది. పరీక్ష కంప్యూటర్ మీదే. సోమేశ్‌ది కూడా ఈ ఏడు పదో తరగతే, వాడూ రాశాడు. దుర్గ తల్లి కొండలమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఈ సీటు రాకపోతే పిల్లనీ తనతో తీసుకుపోతానని ముందే చెప్పింది. దుర్గ ఒక్కసారి కంప్యూటర్ ఆన్ చేసి చూపించమని నన్ను బతిమాలింది. అక్కడ వాళ్లే చెబుతారులే అని పంపేశాను.

పరీక్ష అయ్యాక తను పెట్టిన జవాబులన్నీ కాగితం మీద రాసి తెచ్చింది. చూశాను. యాభైకి నలభై ఆరు కరెక్టు.

ఫలితాల్లో దుర్గకి సున్నా. సోమేశ్‌కి ముప్పై ఒకటి. వాడిది పదో స్థానం.

జవాబు పెట్టాక సేవ్ నొక్కాలని, నొక్కకపోతే ఏదీ ఎక్కదని, ఆ మాత్రం తెలీదా అని సోమేశ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

శనివారం తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. కొండలమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"మీరు సెప్తే ఇంటారు బాబూ. మల్లీ రాయనిమ్మని ఓపాలి ఫోన్ సేసి అడగండి," అంది.

సేవ్ ఎందుకు నొక్కలేదని దుర్గని అడిగాను.

"కింద ఉందండి, సూశాను. అదేటో తెలీదు. తెలీనిది నొక్కొద్దని మీరే సెప్పారు కదండీ."

కోపంతో అనలేదు. మాస్టారి మాట విన్న పిల్లలా అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాను. కాలేజీ నంబరు ఉంది. వాళ్లు గనక ఒప్పుకుంటే దుర్గ పైకి వెళ్తుంది, పదో సీటు పోతుంది. నంబరు నొక్కకుండానే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కాసేపు నిలబడ్డాను. లోపలికి వచ్చి, రూలు ఒప్పుకోదట అని చెప్పాను.

"మీరు అడిగారు, అదే సాలు బాబూ," అని కొండలమ్మ నాకు దండం పెట్టింది.

దుర్గ ఎప్పటిలాగే గుడ్డ తీసుకుని పది కంప్యూటర్లూ తుడిచింది, ఏదీ నొక్కకుండా. వాళ్లు వెళ్లాక తాళం వేసి, సరిగ్గా పడిందో లేదో లాగి చూసుకున్నాను.