వెలుగుల కింద ఈల

మధ్యాహ్నమే అయినా చిమ్మచీకటి. శీతకాలమంతా సూర్యుడు మొహం చూపించని ఆ ఉత్తరపు కొండల్లో అది మామూలే. సూర్యుడి మీద పెద్ద తుఫాను లేచిందని పొద్దుటి నుంచీ రేడియో ఒకటే ఊదరగొడుతోంది. దానికి తగ్గట్టే ఆకాశంలో పచ్చటి, ఎర్రటి వెలుగులు పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నాయి.

రిస్టెన్‌కి ఆ వెలుగులంటే హడల్. అవి పోయినవాళ్ల ఆత్మలనీ, చప్పుడు చేస్తే దిగొచ్చి ఎత్తుకుపోతాయనీ ఆమె నమ్మకం. అందుకే ఇంటి రెయిన్‌డీర్ గాబ్బా మెడలో గంట మోగకుండా, చలికి బూట్లలో పెట్టుకునే ఎండుగడ్డి అందులో దట్టంగా కుక్కేసింది. ఆమె అటు తిరగ్గానే గాబ్బా తాడు తెంపుకుని పోయింది.

రేపు మనవరాలు మారెత్ పెళ్లిబండిని మంచు మీద చర్చి దాకా లాగాల్సింది అదే. పోయిన తాత హేయిక మచ్చిక చేసిన గాబ్బా తప్ప ఇంకోటి వద్దని మారెత్ ఏనాడో తేల్చి చెప్పేసింది.

"అమ్మమ్మా, ఈ సూర్యుడి తుఫానుకి దాని మెడలో ట్రాకర్‌కి మతి పోయింది! ఇందాక కొండ మీదుందన్న ఫోను ఇప్పుడు సరస్సు నడుమ ఉందంటోంది," అంది మారెత్. "ఉండు, గంట వినబడుతుందేమో."

"వినబడదే... అందులో గడ్డి కుక్కాను."

"ఏంటీ! తెల్లటి మంచులో తెల్లటి జంతువు, పైగా మూగ గంటా? రేపు బండి నువ్వు లాగుతావా?"

"లాగుతాను. వచ్చే ఏడాదికి చేరతావు."

మారెత్ నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "తాత ఈల వేస్తే పరిగెత్తుకొచ్చేది. ఆ ఈల నీకొచ్చుగా!"

"ఈ వెలుగుల కిందా? చస్తే వెయ్యను!"

వెలుగుల కింద ఈల వెయ్యొద్దని మొగుణ్ణి కాపురం చేసినన్నాళ్లూ తిట్టింది రిస్టెన్. తిడుతూ తిడుతూనే ఆ ఈల నేర్చేసుకుంది. మనవరాలి మొహం చూసి, టోపీ చెవుల మీదికి లాక్కుని, పెదాలు సున్నాలా చుట్టింది. మొదట గాలే వచ్చింది. తర్వాత అచ్చం హేయిక ఈలే వచ్చింది.

సరిగ్గా నెత్తి మీద ఆకాశం భగ్గుమంది. రిస్టెన్ మారెత్‌ని గట్టిగా వాటేసుకుంది. అంతలో చెట్ల మధ్య నుంచి గాబ్బా తాపీగా నడిచొచ్చి, ఒకప్పుడు హేయిక జేబు వెతికినట్టే రిస్టెన్ జేబులో మూతి పెట్టింది.

రిస్టెన్ ధైర్యం తెచ్చుకుని వెలుగుల వైపు తలెత్తింది.

"పిలిచింది దీన్ని, నిన్ను కాదు," అని హేయికని గదమాయించింది. ఆనక గొంతు తగ్గించి, "రేపు పెళ్లికి మాత్రం రా," అంది.