పైకెక్కని టంకం

ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో, వాటికి భాగాలను అతికించే టంకం మెషిను నడిపేది బావ. లైను చివర భూతద్దం కింద అతుకులు పరీక్షించేది మరదలు, అంటే అతని భార్యకు సొంత చెల్లెలు. ఆమెకు ఉద్యోగం ఇప్పించింది కూడా అతనే. "చీమకు కాళ్ళెన్నో చెబుతుంది సార్, అలాంటి కళ్ళు," అని మేనేజరును ఒప్పించాడు. ఆ మాట ఆమె నిలబెట్టింది. నెల తిరక్కుండానే అందరూ డేగకన్ను అని పిలవసాగారు.

మెషిను దగ్గర పెద్ద విద్యేమీ అక్కర్లేదు, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే చాలు. బెల్టు మీద వచ్చే బోర్డుకు అడుగున, టంకం బాగా అంటుకోవడానికి వాడే ఫ్లక్సు జల్లు పడుతుంది. తర్వాత అది హీటర్ల మీద వెచ్చబడి, తొట్టిలోంచి అలలా పొంగే కరిగిన టంకాన్ని అడుగుతో రాసుకుంటూ పోతుంది. సరిగ్గా కాగిన బోర్డులో టంకం రంధ్రాల్లోంచి పైదాకా పాకి, భాగాల కాళ్ళను గట్టిగా పట్టుకుంటుంది. పలచటి బోర్డులు ఇట్టే కాగుతాయి. మందపాటివి మొండి ఘటాలు. వాటికోసం బెల్టు వేగం తగ్గించాలి.

ఆ రోజు పలచటివి అయిపోయి, లిఫ్టులకు పెట్టే మందపాటి బోర్డులు ఎక్కాయి. పక్కవాడితో బాతాఖానీలో పడి మన బావగారు వేగం తగ్గించడమే మర్చిపోయాడు. సగం బోర్డులు దాటిపోయాక గానీ చూసుకోలేదు. చప్పుడు చెయ్యకుండా వేగం తగ్గించాడు. పోయినవాటిని ఆపించాలంటే మేనేజరుకు చెప్పుకోవాలి, పదిమందిలో చీవాట్లు తినాలి. ఒక బోర్డు తిరగేసి చూస్తే అడుగు తళతళలాడుతోంది. టంకం పైదాకా ఎక్కిందో లేదో భాగాల కింద దాగి ఉంటుంది, ఏ భూతద్దానికీ కనిపించదు. ఏం కాదులే అనుకున్నాడు.

కొన్ని నెలలకు ఎక్కడెక్కడో లిఫ్టులు అంతస్తుల మధ్య ఆగిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు గానీ బోర్డులు పెట్టెల కొద్దీ తిరిగొచ్చాయి. అతుకులు వదిలేశాయన్నారు. అతుకులు చూసింది ఎవరు? మరదలు.

"కళ్ళు చూపించుకోమ్మా," అని మేనేజరు మెత్తగానే చెప్పి, ఆమెను ప్యాకింగుకు మార్చేశాడు. బావ అక్కడే ఉన్నాడు. తల తిప్పుకుని పనిలో పడ్డాడు.

కళ్ళకు ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. దాంతో ఆమెకు బెంగ ఇంకా పెరిగింది.

"డాక్టరుకు కూడా అంతుబట్టడం లేదక్కా. అమ్మకు చూపు పోయేముందు కూడా ఇంతేగా, అన్నీ బాగున్నాయనే అన్నారు," అంది అక్కతో, ఆ సాయంత్రం వాళ్ళింటికి వచ్చి. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. బావ టీవీ శబ్దం పెంచాడు. తనంత నీచుడు ఇంకొకడు ఉండడని అతనికి తెలుస్తూనే ఉంది.

మర్నాడు అతను తొట్టిలో తేలిన తెట్టు తీస్తుంటే ఆమె మెషిను దగ్గరికొచ్చింది.

"నీ మాట మీద ఉద్యోగమిచ్చారు బావా. నీ పరువు తీశాను, ఏమనుకోకు."

అతను చేతిలో గరిటె కింద పెట్టేశాడు. ఇక ఆగలేకపోయాడు. బెల్టు సంగతీ మందపాటి బోర్డుల సంగతీ మొత్తం కక్కేశాడు.

"అయితే నా కళ్ళకేం కాలేదా?"

"ఏం కాలేదమ్మా. పాపమంతా నాది."

ఆమె పక్కనున్న పెట్టె మీద కూలబడింది. నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. చెంప పగలగొట్టినా ఇంతకన్నా నయంగా ఉండేదనిపించింది అతనికి. కాసేపటికి ఆ నవ్వు ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే. బోర్డులు ఇంకా బెల్టు మీద ఉండగానే."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఇప్పుడే వెళ్ళి మేనేజరుకు చెప్పేస్తాను," అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "నేనూ వస్తాను పద. ఒక్కడివే వెళ్తే చెబుతావన్న నమ్మకం నాకు లేదు."