ఈ ఆదివారం సువార్త

శనివారం సాయంత్రం మేడ మీద చాపలు దులుపుతుంటే బసవయ్య తాత ఫోన్ చేశాడు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, మా సంఘంలో అందరికన్నా పెద్ద. "రేపు నువ్వు చెబుతున్నావంటగా అమ్మాయ్! ఏ అధ్యాయం?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఫోన్లో సంఘం గ్రూపు తెరిచాను. మా ఆయన నతానియేలు పొద్దున పెట్టిన మెసేజ్ ఉంది. "రేపు పదింటికి మా మేడ మీద సువార్త. తర్వాత టీ." కింద పన్నెండు మంది "వందనాలు సిస్టర్" అని రాశారు.

నా పేరు సువార్త.

రెండేళ్ల క్రితం పదకొండు కుటుంబాలం పెద్ద చర్చి నుంచి బయటికొచ్చాం. అక్కడ పాస్టరు అయ్యగారి కుర్చీకి వెల్వెట్ తొడుగు ఉండేది. అందులో ఇంకొకరు కూర్చోకూడదు. ఇక మనకు అయ్యగారు లేరు, కుర్చీ లేదు, అందరం చాపల మీదే, వాక్యం వంతులవారీగా చెప్పుకుందాం అన్నది మా ఆయనే. ఆ రోజు నేను గట్టిగా ఆమేన్ అన్నాను. వంతు పదకొండు మంది మగవాళ్ళ మధ్యే తిరిగింది. చాపలు పరవడం, పక్కింటి నుంచి గ్లాసులు తేవడం, ద్రాక్షరసం తీయడం, రొట్టె కాల్చడం, నలభై మందికి టీ పెట్టడం, అందరూ వెళ్ళాక కడగడం నా దగ్గరే ఉండిపోయాయి. వీటికి వంతు అనే మాట ఎవరూ వాడలేదు. ఒకసారి అడిగితే "మనలో పెద్దా చిన్నా లేదు సువార్తా, నువ్వు చేసేదీ పరిచర్యే" అన్నాడు. మా అత్తగారు "వాక్యం ఎవరైనా చెబుతారే, అల్లం టీ నీలా ఎవరు పెడతారు?" అన్నారు. పొగడ్త అనుకుని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే కోపం.

మా ఆయన మేడ మీదికొచ్చి గ్రూపు చూసి తల పట్టుకున్నాడు. "సువార్త అంటే నువ్వు కాదే, సువార్త! పొరపాటని చెప్పేయ్."

"పొరపాటు మీది కదండీ. మీరే చెప్పండి."

రెండుసార్లు టైపు చేశాడు, రెండుసార్లు చెరిపేశాడు. నేను ఎందుకు చెప్పకూడదో రాయాలి కదా.

"మరి టీ?" అన్నాడు చివరికి.

"అల్లం ఫ్రిజ్‌లో ఉంది."

ఆదివారం అందరి ముందూ బైబిల్ తెరిచాను. యోహాను పదమూడో అధ్యాయం. ప్రభువు నడుముకి తువాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, శిష్యుల పాదాలు కడిగిన చోటు. చదివి, "నాదో అనుమానం" అన్నాను. "ఆ తువాలు తర్వాత ఎవరు ఉతికి ఉంటారు?"

ముందు మా అత్తగారు నవ్వారు. తర్వాత ఆడవాళ్ళ వైపు చాపలన్నీ నవ్వాయి. వీధి చివర బ్యూటీ పార్లర్ నడిపే జెస్సికా చెయ్యెత్తింది. "వచ్చే వారం నేను చెబుతా."

"మరి చాపలెవరు పరుస్తారు?" అన్నారెవరో మగవాళ్ళలో.

"మీ వంతు, అన్నయ్యా" అంది జెస్సికా.

ఇరవై నిమిషాలు మాట్లాడాను. బసవయ్య తాత మోకాళ్ళు పట్టుకుని లేచి, ఏళ్ల అలవాటుకొద్దీ చేతులు జోడించాడు.

"వందనాలు అయ్యగారూ!" అని నాలుక కరుచుకున్నాడు.

"అయ్యగారు కింద టీ వడకడుతున్నారు తాతా" అన్నాను.