ఊపిరి తీయని క్లారినెట్టు

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడ తప్పి ఉంటాయి, మన్నించండి. రాసే చెయ్యి నెమ్మది. ఈ కథను మాత్రం నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాదు.

ఆమదాలవలస బాప్టిస్టు గుడిలో పాట ఎత్తుకునేది జ్ఞానసుందరి. ఆమె చప్పట్లు వేసి గొంతు ఎత్తాకే మిగతావాళ్లు నోరు తెరిచేవారు. ఆమె మొగుడు అబ్రహాం పెళ్లిళ్ల బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవాడు. ఊరేగింపులో అతను కల్యాణి రాగం అందుకున్నాడంటే అరుగుల మీద ముసలాళ్లు లేచి వీధిలోకి వచ్చేవారు. అయితే అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి నాటికి మైకుసెట్లు వచ్చిపడ్డాయి. పెళ్లివారు గుంజకో బాకా కట్టి సినిమా పాటలు పెట్టుకుంటున్నారు. బ్యాండు వాళ్లు ఇళ్లలో కూర్చుని వాయిద్యాల ఇత్తడి తోముకుంటున్నారు.

అప్పుడే మిషను ఆసుపత్రిలోని కెనడా నర్సమ్మ తన దేశం వెళ్లిపోతూ జ్ఞానసుందరికి రెండు పెద్ద ప్లేట్లు ఇచ్చింది. కొత్తగా వచ్చిన రికార్డులట. ఒకటి దొరల శాస్త్రీయ సంగీతం, నిండా వయొలిన్లు. రెండోదాన్ని జాజ్ అంటారని చెప్పింది. దాని అట్ట మీద ఐదుగురు మనుషులు నవ్వుతూ నిలబడ్డారు. మన రంగు మనుషులే. నడుమ ఉన్నాయన చేతిలో క్లారినెట్టు!

ఆ బొమ్మ చూశాక అబ్రహాం కాలు నిలవలేదు. ఊళ్లో ప్లేటు తిప్పే మిషను మైకుసెట్టు నరసింగరావు దగ్గరే ఉంది. మొగుడూ పెళ్లామూ మధ్యాహ్నం ఎండలో అతని దుకాణానికి వెళ్లారు.

"ఏటి బావా, క్లారినెట్టు అమ్మీడానికొచ్చినావా? నా బాకాకి గరాటు కింద పనికొస్తాది" అన్నాడు నరసింగరావు.

"నీ బాకా సంగతి తరవాత సూద్దుం. ముందు ఇది ఎయ్యి."

నరసింగరావు ప్లేటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఓరి నీ, అట్ల పెనమంత ఉన్నాది!" అంటూ మిషను మీద పెట్టాడు.

మొదట డ్రమ్ము, రైలు వంతెన ఎక్కినట్టు. దాని వెనక క్లారినెట్టు వచ్చి పడింది. పైకి పాకింది, జారింది, స్వరాన్ని సాగదీసి వంచింది, ఎక్కడా తెగలేదు. జ్ఞానసుందరికి చేతుల మీద రోమాలు లేచాయి. అబ్రహాం ముందుకు వంగి వంగి దాదాపు బాకాలో తల పెట్టేశాడు.

"ఈడు ఊపిరెక్కడ తీస్తన్నాడే సుందరీ?"

"నాకూ ఇనబడ్డం లేదు. మళ్లీ ఎయ్యి తమ్ముడూ."

మళ్లీ వేశారు. ఊపిరి జాడ లేదు. అబ్రహాం నవ్వడం మొదలుపెట్టాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి నవ్వు అది. "ఇది నాను వాయించాలి" అన్నాడు.

ఊపిరి తీయకుండా వాయించడం ఎలాగో తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే, సన్నాయి దాలయ్య. పళ్లూడిపోయి వాయించడం మానేశాడు గాని విద్య పోలేదు. "బుగ్గల్లో గాలి దాసుకో. దాన్ని తోస్తా, ముక్కుతోటి పీల్సు. సన్నాయోళ్లం పుట్టినకాడ్నించీ సేస్తన్నదే. మీ బేండోళ్లకి ఇప్పుడు తెలిసిందేటి?" అని ఎకసెక్కం చేశాడు. నోట్లో బొప్పాయి ఆకు కాడ గొట్టం పెట్టించి, చెంబెడు నీళ్లలో బుడగలు ఆగకుండా ఊదించాడు.

రోజూ మధ్యాహ్నం నరసింగరావు దుకాణంలో ప్లేటు వినడం, ఇంటికొచ్చి వాయించడం. జ్ఞానసుందరి విన్న ముక్కను నోటితో పాడి చప్పట్లు వేసేది, అబ్రహాం ఆ చప్పట్ల వెంట పరిగెత్తేవాడు. పడిపోయేవాడు, తిట్టుకునేవాడు, లేచేవాడు. వానలు మొదలయ్యేసరికి పాట మొత్తం అతని వేళ్లలోకి దిగింది. ఆ రోజు నరసింగరావే బాకా ఆపి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు.

అంతలో విజయనగరం నుంచి కబురొచ్చింది. మద్రాసులో ఒక చిన్న రికార్డు కంపెనీ మన జిల్లాల వాద్యాలతో కొత్త ప్లేటు వేస్తుందట. ఒక పక్క శాస్త్రీయం, రెండో పక్క ఎవరూ వినని కొత్తది. కంపెనీ మనిషి సత్రంలో దిగి ఒక్కొక్కరినీ వింటున్నాడు. తీసుకునేది ఒక్క క్లారినెట్టునే.

"ప్లేటు మీద మన పేరు పడితే, మైకుసెట్టోడు కూడా నిన్నే తిప్పాలి" అంది జ్ఞానసుందరి. ఆ మాటకు అబ్రహాం ఆ పూట అన్నం సరిగా తినలేదు.

అబ్రహాం, జ్ఞానసుందరి, డ్రమ్ము వాయించే ఏసుదానం, పిలవకుండానే వచ్చిన దాలయ్య, నలుగురూ రైలెక్కి విజయనగరం వెళ్లారు. సత్రం మేడ మీద కంపెనీ మనిషి బనీనుతో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. అబ్రహాం ముందు కల్యాణి వాయించాడు. ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. "బాగుంది. మరి రెండో పక్కకు?"

జ్ఞానసుందరి సంచీలోంచి ప్లేటు తీసి చూపింది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇది మీకెక్కడిదమ్మా! నేనే ఇంకా వినలేదు. ఉండండి" అని తన మిషను మీద పెట్టాడు.

పాట మొదలైంది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాట అదే. కాని నడుస్తోంది, నింపాదిగా. శ్రుతి కూడా కిందికి దిగిపోయింది. స్వరాల మధ్య, స్పష్టంగా, ఒక మనిషి ఊపిరి తీసుకున్న చప్పుడు.

"మీ మిషను పాడైనాదేటి బాబూ?" అన్నాడు ఏసుదానం.

ఆయన సంగతంతా అడిగి తెలుసుకుని పకపకా నవ్వాడు. "ఇంత పెద్ద ప్లేటు నిమిషానికి ముప్పైమూడు సార్లు తిరగాలయ్యా. చిన్న సినిమా ప్లేట్లకు నలభైఐదు. మీ దుకాణం అతను దీన్నీ నలభైఐదులో తిప్పేశాడు. ఆ జోరులో ఊపిరి చప్పుడు ఎక్కడ వినబడుతుంది?"

అబ్రహాం క్లారినెట్టు కీళ్లు విప్పి పెట్టెలో పెట్టుకోసాగాడు.

"ఏటిది?" అంది జ్ఞానసుందరి.

"ప్లేటులో ఆయన ఊపిరి తీస్తన్నాడే. ఇన్నావు కదా. నాను నేర్సిందంతా తప్పు. ఇది వాయిస్తే నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. ఆయన పాట ఆయన వాయించీసినాడు, మనం ఇన్నది నువ్వు వాయించు. మన సెవుల్తోటి ఇన్నదేగా? ఇంటికి తిరిగెళ్లి నీళ్లలో బుడగలూదుకుంటావేటి?"

"ఒరే, నా విద్య పెట్టెలో పెట్టీకు" అన్నాడు దాలయ్య.

అబ్రహాం పెట్టె మూత వేయబోయాడు. జ్ఞానసుందరి కొంగు నడుముకు దోపి, మేడ మధ్యకొచ్చి నిలబడి చప్పట్లు మొదలుపెట్టింది. ఆ ప్లేటు అసలు వేగం కాదు, నరసింగరావు తిప్పిన వేగం. ఏసుదానం డ్రమ్ము అందుకున్నాడు. ఆ చప్పట్లు వింటే అబ్రహాం వేళ్లు వాటంతట అవే కదులుతాయి, అది ఆమెకు తెలుసు. కీళ్లు మళ్లీ బిగిశాయి. పెదవికి క్లారినెట్టు తగిలింది.

ఇక ఆగలేదు. బుగ్గలు పొంగాయి, ముక్కుపుటాలు ఎగిరాయి, పాట సత్రం కిటికీలు దాటి వీధిలోకి దూకింది. కింద జట్కావాళ్లు తలలెత్తారు. కంపెనీ మనిషి ఉలిక్కిపడి లేచి తడబడుతూ టేపు మిషను మీట నొక్కాడు. పాట చివరికి వచ్చేసరికి ఆయనే చప్పట్లు వేస్తున్నాడు, తాళం తప్పుతూ.

"ఎక్కడయ్యా ఊపిరి తీశావు?" అన్నాడు, నోరు తెరుచుకుని.

"ఇంకా తియ్యలేదు బాబూ" అని అబ్రహాం గోడకు జారబడ్డాడు.

"ఇది జాజూ కాదు, పెళ్లి మేళమూ కాదు. అట్ట మీద ఏమని వేయాలి?"

"ఆమదాలోలస అని ఎయ్యి" అన్నాడు దాలయ్య.

ఆయన నవ్వుతూ, వచ్చే వారం మెయిలు రైలుకు మద్రాసు రావాలన్నాడు. క్లారినెట్టుకొకటి, డ్రమ్ముకొకటి, రెండు టిక్కెట్లు కంపెనీవే.

"రెండు కాదు బాబూ, మూడు" అంది జ్ఞానసుందరి.

"మీరేం వాయిస్తారమ్మా?"

"సప్పట్లు. నాను కొట్టకపోతే ఈయన మొదలెట్టడు."

ఆయన అబ్రహాం వైపు చూశాడు. అబ్రహాం ఇంకా రొప్పుతూనే ఉన్నాడు, అవునని తల ఊపాడు. మూడు టిక్కెట్లు ఖాయమయ్యాయి.

మెట్లు దిగుతూ జ్ఞానసుందరి మొగుడి భుజం పొడిచింది. "మద్రాసులో సప్పట్లు ఇంకొంచెం జోరుగా ఏద్దునేటి?"

"నా పానం తీసీగలవే!" అన్నాడు అబ్రహాం. అంటూనే, అక్కడే మెట్ల మీద, బుగ్గల్లోకి గాలి నింపుకున్నాడు.

మీసాల బుల్లమ్మ
వయసు డెబ్బై ఒకటి
ప్రస్తుతం ఉంటున్నది పొందూరు